కిష్టవ్వ మాటకు జయానందం వేసిన ముడి

మెదక్ మిషన్ బడిలో జయానందం మాస్టరు దగ్గర చదువుకున్నవాళ్లకు 'కాబట్టి' అనే మాటంటే బతికినన్నాళ్లూ భయమే. "వాన వచ్చింది కాబట్టి మా మామ వచ్చాడు" అని ఎవరైనా రాస్తే, మాస్టరు ఆ పలక పట్టుకొని, వానకూ మామకూ ఉన్న చుట్టరికమేమిటో చెప్పమని నిలబెట్టేవాడు. చెప్పలేకపోతే గోడ వైపు తిరిగి నిలబడాలి. చాలామంది మామల మూలంగా చాలామంది పిల్లలు ఆ గోడను చూశారు.

ఆయన తండ్రి ఏలీయా, మిషన్‌వాళ్లు పెద్ద చర్చి గుడి కట్టిన రోజుల్లో రాళ్లు చెక్కినవాడు. కొడుకు రాళ్ల జోలికి పోలేదు. ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడూ నేర్చి, మూడింటిలోనూ తప్పులు పట్టడం మొదలుపెట్టాడు. ఆదివారం తెల్లదొరలు ఇంగ్లీషులో ప్రసంగం చేస్తే పక్కన నిలబడి తెలుగులో చెప్పేవాడు. దొర ఎక్కడ ఊపిరి తీసుకుంటే అక్కడే తానూ తీసుకునేవాడని, దొరకు దగ్గొస్తే దాన్ని కూడా తెలుగులోనే దగ్గేవాడని జనం చెప్పుకునేవారు. భార్య ఎలిశిబా మాత్రం ఇంట్లో తన మాట ఒక్కటీ ఈయనకు ఏ భాషలోనూ అర్థం కాదని అంటుండేది.

నలభై ఏడు డిసెంబరులో క్రిస్మస్ పండుగకు దువ్వం తాలూకాదారు అతిథిగా గుడికి వచ్చాడు. దువ్వం తాలూకాదారంటే జిల్లా పెద్ద తరువాతి అధికారి. మెదక్‌లో మాత్రం ఆయనకు పైన ఆకాశమే. దొర ప్రసంగంలోని ఒక్క మాట కూడా కింద పడకుండా జయానందం పట్టుకోవడం ఆయన చూశాడు. మరుసటి వారమే కచేరీలో కాగితాలు రాసే పేష్కారు ఇంద్రకరణ్ చిట్టీ తీసుకొని బడికి వచ్చాడు. సాబ్ ఊళ్లకు పోయి, రైతులు సర్కారుకు తప్పనిసరిగా కొలవాల్సిన లెవీ వడ్ల గురించి ఉర్దూలో మాట్లాడతారు, మాస్టరు వెంట వచ్చి తెలుగులో చెప్పాలి. సెలవు సంగతి బడివాళ్లతో సాబ్ మాట్లాడారు. కాదనడం సంగతి ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు.

అంతకుముందు ఆ పని ఇంద్రకరణే చేసేవాడు. ఆయన పద్ధతి వేరు. సాబ్ అరగంట మాట్లాడి ఆపితే ఇంద్రకరణ్ జనం వైపు తిరిగి, "వడ్లు ఇయ్యిమంటుండు" అనేవాడు. జనానికి బాగా తెలిసేది. సాబ్‌కు మాత్రం తన అరగంట రెండు మాటలైనందుకు మనసు విరిగింది. తన వాక్యాన్ని కీలుకు కీలు, ముడికి ముడి తెలుగులోకి దించగలవాడు కావాలని అప్పటి నుంచీ వెతుకుతున్నాడు.

ఆ వాక్యం దించడం ఎంత పనో జయానందానికి మొదటి ఊళ్లోనే తెలిసింది. సాబ్‌ది నిజానికి ప్రసంగం కాదు, ఒకే ఒక వాక్యం. 'అగర్చె' అని మొదలుపెట్టేవాడు. అంటే 'అయినప్పటికీ'. ఈ ఏడు వానలు సరిగా పడలేదని మా దృష్టికి వచ్చినప్పటికీ, రైతు కష్టం చూసి సర్కారు గుండె నీరైపోతున్నప్పటికీ, సర్కారువారు ప్రజలను కన్నబిడ్డల్లా చూసుకుంటున్నప్పటికీ అంటూ ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోయేవాడు. జయానందం ఆ 'అయినప్పటికీ'లన్నీ చంకలో పెట్టుకొని, వాటిని దించుకోవడానికి ఒక 'అయినా' ఎప్పుడొస్తుందా అని నిలబడేవాడు. అది వచ్చేది కాదు. సాబ్ ఒకసారి మీసం సవరించుకొని, 'చునాంచె' అనేవాడు. అంటే 'కాబట్టి'. చునాంచె, పదిహేను రోజుల్లో వడ్లు గోదాముకు చేరాలి.

సర్కారు గుండె నీరైపోయింది కాబట్టి వడ్లు ఇవ్వండి. మొదటిసారి ఆ మాట తన నోటితో పలికినప్పుడు జయానందానికి చెవులు వేడెక్కాయి. బడిలో అయితే సాబ్ గోడ వైపు తిరిగి నిలబడాల్సి వచ్చేది. నాలుగు ఊళ్లు తిరిగాక ఆయనకు ఆ వ్యాకరణం బోధపడింది. చునాంచెకు ముందు కారణం ఉండనక్కరలేదు. వెనుక తుపాకులతో ఇద్దరు ఉంటే చాలు.

శంకరంపేట దగ్గరి ఒక పల్లెలో కిష్టవ్వ కనిపించింది అప్పుడే. అరవై దాటిన మనిషి. కొడుకు వెట్టికి పోయి, అక్కడే జ్వరం తగిలి పోయాడు. కోడలు, ముగ్గురు పసివాళ్లు, రెండెకరాల మడి మిగిలాయి. సభ అయ్యాక ఆమె జయానందం దగ్గరికి వచ్చి, ఒక మనవి చేసుకుంది. "సారూ, ముంగట చెప్పేదంత ఇడిచిపెట్టు. గా చునాంచె కాడికెంచి చెప్పు. మాకు కలుపు పనుంది." తరువాతి సభ నుంచి ఆ ఊళ్లో జయానందం అగర్చెలను కొంచెం పొట్టి చేశాడు.

ఉర్దూ ఒక్క ముక్క రాకపోయినా ఆ ఊరంతా ఆ ఒక్క మాటను పట్టుకుంది. సాబ్ అగర్చె, అగర్చె అంటున్నంతసేపూ తంబాకు నలుపుకుంటూ కూర్చునేవారు. చునాంచె వినపడగానే తలలెత్తేవారు. తన మాటలకు ప్రజలు ఇంత శ్రద్ధగా తలలెత్తుతున్నారని సాబ్ మురిసిపోయేవాడు.

నలభై ఎనిమిది ఎండాకాలంలో కమ్యూనిస్టుల సంఘం దళం ఒకటి అటువైపు వచ్చింది. తుపాకులు పట్టుకున్న పదిమంది పిల్లలు ఆ పల్లె గోదాము తాళం పగలగొట్టి, మీ గింజలు మీరు తీసుకోండని చెప్పి, వచ్చినదారినే పోయారు. ఊరు ఒక పూట ఆలోచించింది. ఆ పూట కూడా ఆకలితో ఆలోచించింది. తెల్లవారేసరికి గోదాములో ఎలుకలు తప్ప ఏమీ మిగల్లేదు.

మూడో రోజు సాబ్ మోటారులో దిగాడు. ఈసారి వెంట ఇద్దరు కాదు, హైదరాబాదు నుంచి తెచ్చిన తెలుగు రాని ఇరవైమంది, అందులో సగం రజాకార్లు. మగవాళ్లందరినీ ఎండలో కూర్చోబెట్టారు. ఆడవాళ్లు వెనక నిలబడ్డారు. సాబ్ మామూలుగానే అగర్చెతో ఎత్తుకున్నాడు. ఈ ఊరు ఘోరమైన నేరం చేసినప్పటికీ, ఈ ఊరి మగవాళ్లందరినీ ఈ క్షణమే తాళ్లతో కట్టి తీసుకుపోయే అధికారం తనకు ఉన్నప్పటికీ అన్నాడు. ఈసారి ఎవరూ తంబాకు నలపలేదు. చివరకు, గింజలు తీసినవాళ్లెవరో చెప్పాలన్నాడు. చెప్పకపోతే ఊరికి నిప్పు పడకుండా చూడటం తన చేతిలో లేదన్నాడు. జయానందం అంతా తెలుగులో చెప్పాడు. తన గొంతులో 'నిప్పు' అనే మాట విని తానే ఉలిక్కిపడ్డాడు.

ప్రజలు చెప్పుకోవలసింది ఏమైనా ఉందా అని సాబ్ అడిగాడు. ప్రతి సభలోనూ అడిగేవాడు, అది ప్రసంగానికి అలంకారం. ఎవరూ ఏమీ చెప్పకపోవడం ఆనవాయితీ. ఆనాడు కిష్టవ్వ ఆడవాళ్లలోంచి ముందుకు వచ్చింది.

"తీస్కున్నం సాబూ," అంది. "గోదాములకెంచి మేమే తీస్కున్నం. మా పోరగాండ్లు ఆకలికి సస్తుండ్రు కాబట్టి తీస్కున్నం."

సాబ్ జయానందం వైపు తిరిగాడు.

ఇరవై ఏళ్లుగా పిల్లలకు తాను నేర్పాలని చూసిన కాబట్టి అదే. ముందు కారణం, దాని వెంటే పని, మధ్యలో సందు లేదు. ఏ గోడ వైపూ తిరగనక్కరలేని వాక్యం. దాన్ని ఉన్నదున్నట్టు ఉర్దూలోకి దించితే సాయంత్రానికి ఈ ఊళ్లో మగవాళ్లు ఉండరు. బహుశా ఇళ్లు కూడా ఉండవు. జయానందం ఊపిరి తీసుకున్నాడు. ఆ ఊపిరి కిష్టవ్వ తీసుకున్నది కాదు, తన సొంతం.

"హుజూర్," అన్నాడు ఉర్దూలో, "గోదాములో గింజలు మేమే తీసుకొని ఉంటే మా పిల్లలు ఆకలితో చస్తూ ఉండేవాళ్లు కాదు కదా అంటున్నది."

గింజలు తీసుకోవడం ఉన్నది. పిల్లలు చావడం ఉన్నది. కిష్టవ్వ చెప్పిన రెండు ముక్కల్లో ఒక్కటీ పోలేదు. మధ్యలోని ముడి ఒక్కటే మారింది.

సాబ్ కళ్లు వెలిగాయి. ఒక పల్లెటూరి ముసలమ్మ ఇంత చక్కగా 'అగర్... తో', అంటే 'అయి ఉంటే... ఉండేది' వేసి మాట్లాడుతుందని ఆయన అనుకోలేదు. రుజువు ఆమె నోటిలోనే ఉన్నదని, పిల్లల డొక్కలే సాక్ష్యమని వెంట ఉన్నవాళ్లకు వివరించాడు. గింజలు ఎత్తుకుపోయింది బయటివాళ్లేనని, ఆమె మాటతో సహా, అప్పటికప్పుడు ఇంద్రకరణ్ చేత రికార్డు రాయించాడు. వచ్చిన ఇరవైమందీ ఖాళీ చేతులతో తిరిగిపోతే చట్టానికి గౌరవం ఉండదు కాబట్టి రెండు కోళ్లను తీసుకుపోయారు.

తాను ఉన్నమాట మొహం మీద చెప్పేసరికి సాబ్ దొర జడిసి తిరిగిపోయాడని కిష్టవ్వ అనుకుంది. ఊరంతా అదే అనుకుంది. జయానందానికి చెప్పుకునే వీలు దొరకలేదు.

తిరుగుదారిలో ఇంద్రకరణ్, జయానందం ఒకే ఎడ్లబండి ఎక్కారు. ఇంద్రకరణ్ హైదరాబాదు మనిషైనా ముప్పై ఏళ్లుగా మెదక్‌లో కొలువు చేస్తున్నాడు. ఆయనకు తెలుగు రాకపోవడమేమీ లేదు.

"మాస్టర్ సాబ్, ముసలామె మాటల్ల గా 'ఉంటే' నాకైతె వినవడలే," అన్నాడు.

జయానందం బండి తోలేవాడి వైపు ఒకసారి చూసుకున్నాడు. మీరేం రాసుకున్నారని మెల్లగా అడిగాడు.

"మీరు చెప్పిందే రాసిన. ఆమె చెప్పింది రాస్తె రేపు మల్ల గీ ఎండల రావాలె, ఊరు ఊరంత పేర్లు రాయాలె. నాకు జర మోకాళ్ల నొప్పులున్నయి."

ఆ మోకాళ్లను జయానందం ఆ రాత్రి ప్రార్థనలో పేరుపెట్టి తలచుకున్నాడు.

సెప్టెంబరులో ఇండియా సైన్యం వచ్చింది. ఐదు రోజుల్లో రెండు వందల ఏళ్ల నైజాం రాజ్యం ముగిసింది. సాబ్ తన వాక్యాన్ని మధ్యలోనే వదిలేసి హైదరాబాదు వెళ్లిపోయాడు. కచేరీలో పటం మారింది. పటం కింద కూర్చునే ఇంద్రకరణ్ మారలేదు. తెల్లటోపీ మాత్రం పెట్టుకున్నాడు, అదీ కొంచెం వదులుగా ఉండేది. కొత్త అధికారి మదన్ మోహన్ మధ్య పరగణాల నుంచి వచ్చాడు. నూలు బట్టలు కట్టేవాడు, టీ కూడా తాగేవాడు కాదు. చాలా మంచివాడని అందరూ అన్నారు. ఆయన మాట్లాడేది హిందీ, ఉర్దూ వచ్చినవాళ్లకు అందేదే. కొత్త సర్కారు మొదటి సభకు తర్జుమా చెయ్యడానికి మళ్లీ జయానందాన్నే పిలిపించారు.

మదన్ మోహన్ ప్రసంగంలో 'అగర్చె' లేదు, 'యద్యపి' ఉంది. 'చునాంచె' లేదు, దాని కుర్చీలో 'అతఏవ' కూర్చుంది. మీరు శతాబ్దాల బానిసత్వం నుంచి విముక్తులైనప్పటికీ, ఈ నేలకు నిజమైన యజమానులు మీరే అయినప్పటికీ అంటూ సాగి, అతఏవ, బకాయిపడిన లెవీ వడ్లు నెలాఖరులోగా గోదాముకు చేరాలి అని ముగిసింది. జయానందం పాత గొంతుతోనే ఆ కొత్త మాట చెప్పాడు. వెనక వరసల్లో ఎవరో నవ్వారు. నవ్వు అక్కడితో ఆగితే బాగుండేది.

వారం తిరక్కుండా జయానందం మీద అర్జీ పడింది. పెట్టించినవాడు వెంకట్రాములు. ఆగస్టు దాకా లెవీ గోదాములకు గోనెసంచులు అమ్మినవాడు, అక్టోబరు నుంచి ప్రజానాయకుడు. పది ఊళ్లవాళ్లు వేలిముద్రలు వేశారు. వడ్లు ఇవ్వకపోతే ఊరు తగలబెడతామని బెదిరించిన మనిషి జయానందం మాస్టరేనని అందులో ఉంది. ఆ ఊళ్లవాళ్లకు సాబ్ మాట ఏనాడూ అర్థం కాలేదు. ఆ ఎండాకాలం నుంచి సాబ్ ప్రతి ఊళ్లోనూ నిప్పు అనేవాడు, వాళ్లు దాన్ని విన్నది ఈయన నోట. అర్జీలో అబద్ధం లేదు, అదే జయానందాన్ని ఎక్కువగా బాధించింది.

ఎలిశిబా ఆ సంగతి విని పొయ్యి ముందే కూలబడింది. "తర్జుమా చేసుడంటె పోస్టు డబ్బా లెక్కనే అంటరు గద మీరు," అంది. "పోస్టు డబ్బా మీద అర్జీ పెడ్తరా ఎవరన్న?"

విచారణ నాడు పొద్దున్నే కిష్టవ్వ కచేరీకి వచ్చింది. ఎవరూ పిలవలేదు. మాస్టరు మీద అర్జీ పడిందని విని, శంకరంపేట నుంచి నడిచి వచ్చింది. లోపల చిన్న చిక్కు ఎదురైంది. ఆమె చెప్పేది మదన్ మోహన్‌కు హిందీలో ఎవరు చెప్పాలి? ఇంద్రకరణ్ రికార్డు రాస్తున్నాడు. రాసే చెయ్యీ చెప్పే నోరూ ఒకే మనిషివైతే రికార్డు చెల్లదని రూలు ఉన్నదట. అర్జీ పెట్టించిన వెంకట్రాములు ఆనాడు ఊళ్లో లేడు, అక్కడున్నవాళ్లలో ఇంకెవరికీ రెండు భాషలూ రావు. చివరకు ముద్దాయి తన మీద సాక్ష్యాన్ని తానే తర్జుమా చెయ్యాలని తేలింది. కొత్త న్యాయం అంత నమ్మకంగా ఉండేది.

కిష్టవ్వ మాస్టరు ఎవరినీ బెదిరించలేదని, దొర అన్నదే చెప్పాడని చెప్పింది. తమకు కలుపు పని ఉన్నదంటే ప్రసంగం కూడా పొట్టి చేసేవాడని చెప్పింది. జయానందం సిగ్గుపడుతూ అది కూడా హిందీలో చెప్పాడు. అప్పుడు మదన్ మోహన్, తర్జుమా సరిగా ఉండేదో లేదో చూడటానికి, ఆ ఊరి పాత రికార్డు తీయించాడు. ఇంద్రకరణ్ చదివాడు. రికార్డులో ఉన్నది సాక్షికి తెలియజెయ్యమన్నారు. జయానందం ఆమె మొహం చూడకుండా తెలుగులో చెప్పాడు. గింజలు మేమే తీసుకొని ఉంటే మా పిల్లలు చస్తూ ఉండేవాళ్లు కాదు కదా అని కిష్టవ్వ అన్నట్టుగా అందులో ఉందని.

కిష్టవ్వ జయానందం వైపు తిరిగింది.

"నేను గట్లన్ననా?" అంది. "తీస్కున్నం అన్న. గంతమంది తుపాకులు వట్టుకోని నిలవడ్డా తీస్కున్నమనే అన్న. గిప్పుడు గూడ అంటున్న, రాసుకోమను. నన్ను అబద్ధాలకోరును జేసిందెవరు?"

ఏమంటున్నదని మదన్ మోహన్ అడిగాడు.

ఆ ఒక్క క్షణంలో జయానందానికి తాను తప్పించుకునే దారి కనిపించింది. పోయిన నెలే పక్క ఊళ్లో ఇరవై ముగ్గురిని గోదాము గింజలు తీశారని, కమ్యూనిస్టులని పేరుపెట్టి నిర్బంధ క్యాంపుకు పంపింది ఈ నూలు బట్టల పెద్దమనిషే. రాజ్యం పోయినా గోదాము గోదాములాగే ఉంది. కిష్టవ్వ మాట ఉన్నదున్నట్టు చెబితే అర్జీ కొట్టుకుపోతుంది. నైజాం అధికారిని మోసం చేసి రైతులను కాపాడిన దేశభక్తుడని తనకు దండ కూడా పడవచ్చు. ఆ దండ వాడిపోకముందే కిష్టవ్వ ఊరు లారీ ఎక్కుతుంది.

"రికార్డులో ఉన్నది సరైనదేనట," అన్నాడు హిందీలో. "ఒకసారి చెప్పినదాన్నే మళ్లీ అడుగుతున్నందుకు కోపం వచ్చిందట."

ఇంద్రకరణ్ కలం ఆగింది. టోపీ సవరించుకొని, ఆయన మళ్లీ రాయడం మొదలుపెట్టాడు.

తీర్పు మూడో రోజు వచ్చింది. జయానందం తర్జుమా అక్షరం పొల్లుపోకుండా ఉన్నదని సాక్షి మాటతో రుజువైనప్పటికీ, ఆయనకు సొంతంగా ఏ దురుద్దేశమూ లేనప్పటికీ, అతఏవ, పాత ప్రభుత్వానికి ఇంత నమ్మకంగా సేవ చేసిన మనిషి ఇకపై ఏ సర్కారు సభలోనూ నోరు విప్పరాదని ఉంది. జయానందం ఆ కాగితం రెండుసార్లు చదివాడు. తీర్పు బడి నౌకరీ జోలికి పోలేదు. నోరు విప్పే పనిని వెంకట్రాములుకు ఇచ్చారు.

వచ్చిన శనివారం ఆయన శంకరంపేట వైపు నడిచాడు. వరికోతలు నడుస్తున్నాయి. కిష్టవ్వ తన మడిలో వంగి కోస్తోంది. తల ఎత్తలేదు. గట్టు మీద నిలబడి, ఆ ఎండాకాలం నుంచి కచేరీ దాకా జరిగినదంతా చెప్పాడు. క్యాంపు సంగతి చెప్పేసరికి కొడవలి ఒక్కసారి ఆగింది. ఆ ఇరవై ముగ్గురిలో ఆమె మరిది కొడుకు ఉన్నాడు.

"నన్ను అడిగి మార్చినవా సారూ?" అంది.

"అడిగే యాళ్ల లేకుండె కిష్టవ్వా."

"మొదటిపారి లేకుండె. కచేరిల ఉండె గద. నా దిక్కు మర్లి చూసి ఒక్క మాట అంటే నేనే ఊకుందును."

ఆ సంగతి జయానందానికి తట్టనే లేదు. మూడు భాషలు వచ్చిన మనిషి, ఒక్క భాష ఉన్న మనిషిని అడగవచ్చునని అనుకోలేదు.

"నేను సచ్చినంక గూడ గా కాయితంల గట్లనే ఉంటదా?"

"ఉంటది."

ఆమె ఇంకో నాలుగు పిడికిళ్లు కోసి, మోపు మీద వేసి, నడుం పట్టుకొని లేచింది. కోపం పోయిందో లేదో మొహం చూస్తే తెలియలేదు.

"మా ఊరోళ్లకు మటుకు చెప్పకు," అంది. "గా దొర నా మాటకు బుగులు వడి ఉరికిండని మా మనుమరాలు అందరికి చెప్పుకుంటది. దానికి గదే ఆస్తి."

చెప్పనని ఒప్పుకున్నాడు. అలాగే ఉత్త చేతులతో వెళ్లిపోవడానికి మనసు రాక, చెప్పులు విడిచి మడిలోకి దిగి, కోడలి కొడవలి తీసుకున్నాడు. ఒక వరస కోసేసరికి సగం కంకులు బురదలో పడ్డాయి, బొటనవేలు తెగింది. కిష్టవ్వ ఆ వరసను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. చూసి, తన కొంగు అంచు చింపి వేలికి కట్టింది.

"నువ్వు బడికే పో సారూ," అంది. కోడలితో అంబలి పోయించి తాగించి పంపింది.